ఇసుకలో దిద్దిన వైద్యము



బడిపంతులకు వైద్యముతో నేమి పని యని మీరు శంకింపవచ్చును. నేను చెప్పబోవునది మందులను గూర్చి కాదు. చేయి చదువుకొను విధమును గూర్చి. ప్రాణముతో నున్న మనుష్యునిపై చేయి వేయుటకు ముందు, ప్రాణము లేని బొమ్మపై ఆ చేతికి పని నేర్పుట యెట్లు మొదలయ్యెను, ఏయే దేశములయందు ఎట్లు పెరిగెను, గురువు సముద్రములకు ఆవల నుండియు శిష్యుని చేతిని దిద్దుట మన కాలమున నెట్లు సాధ్యమయ్యెను అను కథను నేడు మీకు విన్నవింపదలచితిని.

మీలో అనేకులు ఇసుకలో ఓనమాలు దిద్దినవారే. మా తాతగారు తాటాకుపై గంటముతో వ్రాయ నేర్చినవారు. గంటము జారినచో ఆకు చీలును. చీలిన ఆకు మరల అతుకదు. అందుచేత పిల్లవానికి మొదట ఆకు నిచ్చెడివారు కారు; ఇసుక పఱచి యిచ్చెడివారు. అక్షరము వంకరపోయినచో అరచేతితో తుడిచివేసి మరల దిద్దుటయే. గురువు వెనుక కూర్చుండి శిష్యుని చూపుడువ్రేలిని కనిపెట్టుచుండును. తప్పుదారి పట్టినప్పుడు తానే ఆ వ్రేలిని పట్టి త్రిప్పును. ఆ యిసుకలో రెండు సుగుణములున్నవి. ఒకటి, తప్పునకు వెల లేకుండుట. రెండవది, గురువు కన్ను శిష్యుని వ్రేలిపై నుండుట. ఈ రెంటిని మనసున నుంచుకొనుడు. నా కథ యంతయు వీని చుట్టును తిరుగును.

ఈ విషయము నా మనసునకు ఎట్లు పట్టుకొన్నదో ముందు చెప్పెదను. నేను పనిచేసిన ఒక పల్లెలో నా యొద్ద చదివిన పిల్ల యొకతె పెరిగి నర్సు శిక్షణము ముగించి, సమీపగ్రామమునకే ఉద్యోగమునకు వచ్చెను. బడిలో ఆమె జ్ఞాపకశక్తి అసాధారణము. ఒక్కమారు చదివిన పద్యమును మరునాడు తడుముకొనక చెప్పెడిది. దానిని చూచి నేను గర్వించితిని. 1996వ సంవత్సరమున ఒకనాటి రాత్రి ఆమె చేతుల మీదుగా పుట్టిన బిడ్డ ఏడువలేదు. చేయవలసినది ఆమెకు తెలియును. తుడువవలెను, వీపు రాయవలెను, ఊపిరి రానిచో గాలిసంచితో ఊపిరి పోయవలెను. అంతయు పుస్తకములో నున్నట్లే జ్ఞాపకమున నున్నది. కాని చేతులు వణకినవి. తొడుగు బిడ్డ ముఖమునకు సరిగా అమరలేదు. గాలి ప్రక్కలనుండి పోయినది. బిడ్డ దక్కలేదు.

మరునాటి సాయంకాలము ఆమె మా అరుగుమీదికి వచ్చి కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పాఠం వచ్చును మాస్టరుగారూ, చేయే రాలేదు" అన్నది. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత పాఠములు వల్లె వేయించినవాడను. నా విద్యకు అంతకంటె పెద్ద తీర్పు నేను వినలేదు.

ఆ మాట నన్ను మరల మా గురువుగారి యింటి తాళపత్రముల యొద్దకు కొనిపోయెను. సంస్కృతము చదువుకొను రోజులలో సుశ్రుతసంహితయందలి కొన్ని అధ్యాయములను పాఠము చెప్పించుకొనియుంటిని. ఆ గ్రంథకాలమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు, క్రీ.శ. 878వ సంవత్సరమున వ్రాసిన తాళపత్రప్రతి నేపాళమున లభించినది గాన గ్రంథము అంతకంటె ఎంతయో ప్రాచీనమనుట నిశ్చయము. అందు సూత్రస్థానమున తొమ్మిదవ అధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనగా ఇచ్చట అభ్యాసము. శాస్త్రము నెంత విన్నవాడైనను చేతితో అభ్యసింపనిచో చికిత్సకు తగడని ఆ అధ్యాయముయొక్క తాత్పర్యము. నేను చదువుకొన్ననాడు దానిని వ్యాకరణముకొఱకు చదివితిని. అర్థముకొఱకు చదివినది నా శిష్యురాలు వచ్చిపోయిన తరువాతనే.

ఆ మహర్షి ఏమి చెప్పెనో వినుడు. శస్త్రకర్మలు ఎనిమిది. కోయుట నేర్చువాడు మొదట బూడిదగుమ్మడి, సొర, పుచ్చ, దోస మొదలగు కాయలపై నేర్వవలెను. చీల్చుట నేర్చువాడు నీటితో గాని బురదతో గాని నింపిన తోలుతిత్తులపై నేర్వవలెను. గీకుటకు రోమములుగల తోలు. సిరను గ్రుచ్చుటకు చచ్చిన పశువుల సిరలు, కలువకాడలు. పుండు లోతును శలాకతో వెదకుటకు పురుగు తిన్న కఱ్ఱ, వెదురు. లోపల చిక్కిన దానిని లాగుటకు పనస, దొండ, మారేడు పండ్ల గుజ్జు, చచ్చిన పశువుల దంతములు. చీము కార్చుటకు మైనము పూసిన బూరుగు పలక. కుట్టుటకు పలుచని బట్ట, మెత్తని తోలు. కట్టు కట్టుటను నేర్చుకొనుటకైతే అవయవములన్నియు గల నిండు మనుష్యుని బొమ్మనే చేయుమనెను. దానికి పుస్తమయపురుషుడని పేరు. పుస్తమనగా ఇచ్చట బట్ట, మన్ను మొదలగువానితో చేసిన బొమ్మపని.

పెద్దలారా, ఈ పట్టికను ఒక్క నిమిషము ఆలోచింపుడు. వంటయింట నుండు కాయ, వాకిట నుండు కఱ్ఱ, చెఱువులో నుండు కలువకాడ. ఖరీదైనది ఒక్కటియు లేదు. కాని ప్రతి పనికిని తగిన వస్తువు వేఱుగా ఎన్నుకొనబడినది. సొరకాయ మనుష్యుని పోలియుండదు. కాని కత్తి దిగునప్పుడు చేతికి తెలియు బిగువు పోలియుండును. రూపము పోలనక్కఱలేదు, చేతికి తగులు అనుభవము పోలిన చాలునను ఈ సూక్ష్మమును నేటి శిక్షకులును సూత్రముగా గ్రహించియున్నారు.

తరువాత చీనాదేశము. అచ్చట సూదులతో చికిత్స చేయు సంప్రదాయము కలదు. సుంగ్ వంశపు చక్రవర్తి రెంజోంగ్ కాలమున, 1027లో, వాంగ్ వైయీ అను రాజవైద్యుడు నిలువెత్తు కంచు మనుష్యులను ఇద్దఱిని పోతపోయించెను. సూది గ్రుచ్చవలసిన స్థానములు మూడువందలకు పైగా ఆ విగ్రహములపై రంధ్రములుగా నుండెడివి. పరీక్షదినమున విగ్రహమునకు మైనము పూసి రంధ్రములు మూసి, లోపల నీరు నింపెడివారని చెప్పుదురు. విద్యార్థి సరియైన చోట గ్రుచ్చిన నీటిబొట్టు రాలును. తప్పిన సూది కంచుకు తగిలి నిలిచిపోవును. ఇచ్చట క్రొత్తదొకటి చేరినది. సొరకాయ తప్పును సహించును గాని తప్పని చెప్పదు. కంచు మనుష్యుడు చెప్పును.

ఇక ఐరోపాఖండమునకు పోదము. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పల్లెలలో కాన్పుల యందు తల్లులును బిడ్డలును విశేషముగా చనిపోవుచుండిరి. పల్లె మంత్రసానులు చాలమందికి చదువు రాదు. పట్టణములనుండి విద్య వారి యొద్దకు పోదు. అప్పుడు మేడమ్ దు కుద్రే యను పారిసు మంత్రసానికి పదునైదవ లూయీ రాజు 1759లో అధికారపత్ర మిచ్చి, దేశమంతట తిరిగి పల్లెస్త్రీలకు పురుడు పోయు విద్య నేర్పుమనెను. ఆమె బట్ట, తోలు, దూదితో స్త్రీయొక్క నడుము భాగమును, అందులోనికి బిడ్డబొమ్మను కల్పించెను. దానిని యంత్రమని పిలిచెడివారు. బిడ్డ అడ్డము తిరిగిన నేమి చేయవలెను, కవలలైన నేమి చేయవలెను, కాళ్ళు ముందు వచ్చిన నేమి చేయవలెనను ప్రశ్నలకు పుస్తకముతో కాక చేతులతో సమాధానము చెప్పించెడిది. తరువాతి బొమ్మలకు ఎఱ్ఱని నీట ముంచిన స్పాంజీల నమర్చి రక్తస్రావమును గూడ చూపెను. ఏనుగంత సంసారము బండ్లపై వేసికొని సుమారు ఇరువదియేండ్లకు పైగా, 1783 వఱకు, ఊరూరు తిరిగెను. ఆమె స్వయముగ నేర్పినవారు అయిదువేలమంది యని చరిత్రకారుల అంచనా. ఆ యంత్రములలో ఒకటి రువాన్ నగరపు ప్రదర్శనశాలలో నేటికిని కలదు.

ఆమె యెదుర్కొన్న కష్టములలో మనకు ముఖ్యమైనది దూరము. ఆమె ఒక్కతె, పల్లెలు వేలు. ఒక ఊరిలో రెండు నెలలుండి పోయిన తరువాత ఆ శిష్యురాండ్ర చేతులను చూచువారెవరు? ఇందుకై ఆమె కొన్ని పట్టణములలో యంత్రమును విడిచి, అచ్చటి శస్త్రవైద్యులకు బోధనావిధానమును నేర్పిపోయెను. బొమ్మ పల్లెకు చేరినది. గురువు కన్ను మాత్రము ఆమె బండితోనే కదలిపోయినది. ఈ చిక్కు ఆ తరువాత రెండు శతాబ్దములకును విడలేదు.

ఇరువదవ శతాబ్దమున ఈ విద్యకు ఆటబొమ్మలు చేయువారు తోడైరి. అమెరికాలో మార్తా చేస్ అను బొమ్మల కళాకారిణి 1911లో హార్ట్‌ఫర్డ్ నగరపు ఆసుపత్రి కొఱకు నిలువెత్తు బొమ్మను చేసి యిచ్చెను. నర్సు విద్యార్థినులు రోగిని త్రిప్పుట, పడకకు చేర్చుట మొదలగు పనులను దానిపై నేర్చుకొనిరి. దానిని శ్రీమతి చేస్ అనియే పిలిచెడివారు. నార్వేదేశమున ఆస్మండ్ లేర్దాల్ అను బొమ్మల వ్యాపారి కలడు. ఒకమారు ఆయన రెండేండ్ల కుమారుడు నీట మునుగగా తండ్రియే పైకి లాగి ప్రాణము నిలిపెను. నోటితో ఊపిరి పోయుట, ఱొమ్ము నొక్కి గుండెను నడిపించుట అను పద్ధతులను ఆ కాలమున వైద్యులు రూపొందించుచుండిరి. వీనిని సామాన్యజనులకు నేర్పుటకు బొమ్మ కావలసివచ్చెను. వైద్యుల సలహాతో ఆయన 1960లో రిససీ ఆన్ అను బొమ్మను చేసెను. నేడు పాఠశాలలలో, కార్ఖానాలలో ఱొమ్ము నొక్కుట నేర్పు బొమ్మలన్నియు ఆ ఆన్ సంతతియే యనవచ్చును.

ఇచ్చట వైద్యము విడిచి ఒక్క నిమిషము ఆకాశమునకు పోవలెను. ఏలయన పెద్ద యంత్రముల పాఠము విమానముల నుండియే వచ్చినది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునాతడు వాద్యములు చేయువాని కుమారుడు. తండ్రి దుకాణములోని గాలితిత్తులతోనే 1929లో నేలపై నిలిచి ఊగు విమానపు పెట్టె నొకదానిని కట్టెను. దానిని మొదట జాతరలలో వినోదముగా వాడిరి. 1934లో సైన్యపు వైమానికులకు టపా మోయు పని యప్పగింపగా, మేఘములలో, చీకటిలో ఎగుర నేర్వని పండ్రెండుగురు మూడు నెలలలోపున మరణించిరి. అప్పుడు సైన్యము లింకు పెట్టెలను ఆఱింటిని కొనెను. ప్రాణములు పోయిన తరువాత గాని పెద్దలకు అభ్యాసపు విలువ తెలియదనుటకు ఇది యొక దృష్టాంతము. వైమానికులకు తగినది వైద్యులకు తగదా యని తరువాత కొందఱు ఆలోచించిరి. 1967లో కాలిఫోర్నియాలో సిమ్ వన్ అను బొమ్మ పుట్టెను. అది కంప్యూటరుతో నడచును. ఱొమ్ము ఎగసి పడును, కనుఱెప్పలు కొట్టుకొనును, మందిచ్చిన దానికి తగినట్లు నాడి మారును. నేడు పెద్ద వైద్యకళాశాలలలో నుండు యంత్రరోగులకు అదియే మూలపురుషుడు.

అంతవఱకు విద్యార్థులు ఎవరిపై నేర్చిరని మీరడుగవచ్చును. చెప్పుటకు నోరు రాదు గాని, ధర్మాసుపత్రులకు వచ్చిన బీదలపై నేర్చిరి. ఒకటి చూచుట, తరువాతిది చేయుట అను సంప్రదాయము ప్రపంచమంతట నుండెను. శిష్యుని మొదటి తప్పునకు వెల నిచ్చినది నోరులేనివాడు. ఇసుక లేక మొదటి అక్షరమునే తాటాకుపై వ్రాయించుట యనగా ఇదియే. బొమ్మలు వచ్చుట కేవలము యంత్రవిద్యలో పెంపు మాత్రమే కాదు. ధర్మమునందును ఒక మెట్టు ఎక్కుట.

ఇక మన పల్లెలకు సంబంధించిన మాట చెప్పెదను. 2010లో బిడ్డలకు ఊపిరి పోయుట నేర్పు ఒక శిక్షణక్రమమును అమెరికా శిశువైద్యుల సంఘము మొదలైనవారు ప్రచారమునకు తెచ్చిరి. దానికై లేర్దాల్ సంస్థవారు చవకైన బిడ్డబొమ్మను చేసిరి. అందులో గోరువెచ్చని నీరు పోసిన నిజమైన బిడ్డవలెనే బరువుగా, మెత్తగా, చేతిలో జారునట్లు ఉండును. చిన్న రబ్బరు బుడ్డి నొక్కి గురువు దానిచేత ఏడిపింపగలడు, బొడ్డుతాడు కొట్టుకొనునట్లు చేయగలడు. నొక్కక యూరకున్న బిడ్డ నిశ్చలముగా నుండును. తొడుగు సరిగా అమరిననే ఱొమ్ము లేచును. గాలి ప్రక్కకు పోయిన లేవదు. నా శిష్యురాలికి ఆ రాత్రి తెలియనిది ఇదియే. పుట్టిన బిడ్డకు మొదటి నిమిషమునందే ఊపిరి అందవలెను; దానిని బంగారు నిమిషమందురు. తల్లిబొమ్మయు కలదు. దానిని గురువే నడుమునకు కట్టుకొని, దాచిన సంచినుండి ఎఱ్ఱని నీటిని తన యిష్టముకొలది విడుచును. మేడమ్ దు కుద్రే స్పాంజీలు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి గదా!

ఫలిత మేమి? మన పొరుగున కర్ణాటకమునందు, బెళగావి ప్రాంతమున, పల్లెలలోను ఆసుపత్రులలోను పురుడు పోయువారికి 599 మందికి ఈ శిక్షణ మిచ్చి లెక్కలు తీసిరి. చనిపోయి పుట్టిరనుకొనబడు బిడ్డలు నూటికి 3.0 నుండి 2.3కు తగ్గిరని 2013లో ప్రకటించిరి. చనిపోయి పుట్టినవారని పూర్వము విడిచిన బిడ్డలలో కొందఱు ఊపిరికై వేచియున్నవారే యని దీని అర్థము. అయితే నెలలోపు శిశుమరణముల సంఖ్య అచ్చట తగ్గలేదు. ఉన్నదున్నట్లు చెప్పుట మేలు.

ఆఫ్రికాలో టాంజానియా దేశపు హేడమ్ అను గ్రామీణ ఆసుపత్రి కథ ఇంకను బోధకమైనది. అచ్చటివారికి ఒక్కదినము శిక్షణ మిచ్చిరి. బొమ్మపై అందఱు చక్కగా చేసిరి. కాని కాన్పుగదిలో నిజమైన బిడ్డల యెడ వారి పనిలో మార్పు కనబడలేదు. అప్పుడు పద్ధతి మార్చి, బొమ్మను కాన్పుగది దగ్గఱనే యుంచి, తఱచుగా కొలది నిమిషములు అభ్యాసము చేయించిరి. అటుపిమ్మట మొదటి దినమున చనిపోవు బిడ్డల సంఖ్య తగ్గెను. ఒక్కనాడు ఇసుకలో కూర్చుండబెట్టినచో అక్షరాభ్యాస మగును గాని అక్షరములు రావు. ఇది ప్రతి బడిపంతులకును తెలిసిన సంగతియే.

తఱచుగా అభ్యాసము కావలెనన్న ఎవరో చూచుచుండవలెను. ప్రతి పల్లెలోను నిపుణుడైన గురువు కూర్చుండుట ఎట్లు? మేడమ్ దు కుద్రేను బాధించిన ఆ పాత చిక్కే ఇది. దీనిని విప్పినది దూరమునుండి చూచు సాధనము. దక్షిణ ఆఫ్రికాఖండమున బోట్స్‌వానా దేశమునందు కడుపున చిన్న రంధ్రములు చేసి, లోనికి కెమెరా పంపి చేయు శస్త్రచికిత్సను నేర్వదలచిన వైద్యులు కొందఱుండిరి. నేర్పువారు కెనడాలో టొరంటో నగరమున నుండిరి. నడుమ ఒక మహాసముద్రము. రెండు చోట్లను ఒకేరకపు అభ్యాసపు పెట్టెలనుంచి, నాడు వాడుకలోనుండిన స్కైప్ అను సాధనముతో కలిపిరి. గురువు శిష్యుని చేతులను, పెట్టె లోపలి కొఱముట్లను తెరపై చూచి, అప్పటికప్పుడు తప్పు చెప్పి, తన పెట్టెలో తాను చేసి చూపెడివాడు.

దీనిని పరీక్షింపవలెనని వారు శిష్యులను రెండు జట్లుగ విభజించిరి. రెండు జట్లకును అదే పెట్టె, అవే పాఠములు. మొదటి జట్టునకు దూరమున నున్న గురువు కలడు. రెండవ జట్టువారు తమంత తామే అభ్యసించిరి. ఫలితము 2010లో అచ్చయ్యెను. మొదటి జట్టువారందఱు పరీక్షలో నెగ్గిరి. రెండవ జట్టులో సగముమందియైనను నెగ్గలేదు. పెట్టె భేదము లేదు, బుద్ధి భేదము లేదు. భేదమంతయు చూచు కంటిలో నున్నది. ఇసుకయొక్క రెండు సుగుణములలో రెండవది సముద్రము దాటి పనిచేసినదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. తరువాత 2020లో కరోనా వ్యాధి ప్రబలి జనులు గుమిగూడరాని కాలమున, ఈ దూరశిక్షణము అనేక దేశములలో అవసరముగానే వ్యాపించెను.

దీనికి హద్దులును కలవు, వానిని దాచరాదు. కెమెరా చూపు పంపును, మాట పంపును, స్పర్శ పంపదు. శిష్యుడు ఎంత బలముగ నొక్కుచున్నాడో తెరపై గురువునకు పూర్తిగా తెలియదు. తీగ తెగిన పాఠము తెగును. బొమ్మ ఎంత చక్కనిదైనను దాని తల్లి ప్రక్కగదిలో ఏడువదు; నిజమైన కాన్పుగదిలోని భయము బొమ్మగదిలో సగమైనను ఉండదు. కావున మంచి శిక్షకులు అభ్యాసము ముగిసిన తరువాత శిష్యులను కూర్చుండబెట్టి, ఏమి చేసితివి, ఏమి తోచినది, మరల వచ్చిన నేమి చేయుదువని నిదానముగ అడుగుదురు. తిట్టరు. తప్పు చెప్పుకొనుటకు భయపడువాడు తప్పు దిద్దుకొనలేడు. ఈ ఒక్క నియమమును నేను బెత్తము పట్టిన రోజులలో తెలిసికొనియుండిన బాగుండెడిది.

మన దేశమున నేమి జరిగినది? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవను మీరందఱు ఎఱుగుదురు. అందు వచ్చు సిబ్బంది ఱొమ్ము నొక్కుట, ఊపిరి పోయుట, దారిలో పురుడు పోయుట మొదట బొమ్మలపై నేర్చినవారే. 2019 నాటి వైద్యవిద్యా నియమముల ప్రకారము వైద్యకళాశాలలయందు నైపుణ్యాభ్యాసశాల యుండవలెనని ఏర్పడినది. సుశ్రుతుని సొరకాయ తిరిగి తిరిగి ఇంటికి చేరినదని మనము సంతోషింపవచ్చును.

కాని సంతోషించి ఊరకుండరాదు. ఒకచోట నొక ఆరోగ్యకేంద్రమునకు పోయి, బిడ్డబొమ్మ కలదా యని అడిగితిని. కలదనిరి. చూపుమనగా బీరువా తాళము వెదకుటకు చాలసేపు పట్టెను. బొమ్మ క్రొత్తదిగనే యున్నది, పాడగునని భద్రపఱచిరట! నాకు నవ్వును దుఃఖమును కలిగినవి. నేను పనిచేసిన ఒక బడిలో సూక్ష్మదర్శినిని గూడ ఇట్లే భద్రపఱచితిమి. పాడుకాని బొమ్మ ఎవరికిని పాఠము చెప్పలేదని తెలిసికొనుడు.

గ్రామములకు పెద్దలైన మీరు అడుగదగిన ప్రశ్నలు మూడున్నవి. మన ఆరోగ్యకేంద్రమున అభ్యాసపు బొమ్మ కలదా? ఈ నెలలో దానిని ఎన్నిమారులు బయటికి తీసిరి? అభ్యసించునప్పుడు చూచి దిద్దువారెవరు, దగ్గఱనుండిగాని దూరమునుండిగాని? అధికారముతో కాదు, ఆప్యాయతతో అడుగుడు. నర్సమ్మను తప్పుపట్టుటకు కాదు. ఆమెకు అభ్యాసము చేసికొను తీఱికను, సాధనమును కల్పించుటకు. రోడ్డుకు, బావికి, బడికి అర్జీ వ్రాసిన చేతులతోనే దీనికిని అర్జీ వ్రాయవచ్చును.

నేను ఈ రేడియోలో మాటలాడుచున్నాను. నా మాట మీ చెవికి చేరుచున్నది. మీ ముఖములు నాకు కనబడవు. మీకు బోధపడెనో లేదో నాకు తెలియదు. దూరవిద్యలో చెవి ఒక్కటియే చాలదనుటకు నా ప్రసంగమే సాక్ష్యము.

నా శిష్యురాలి కథ ముగించి సెలవు తీసికొందును. కొన్ని యేండ్ల తరువాత ఆమెకు పట్టణమున బొమ్మపై శిక్షణము దొరకెను. అటుపిమ్మట పట్టణములోని తన శిక్షకురాలికి ఫోను కెమెరాలో చూపించుచు, రోజూ కాన్పుగది మూలన కొంతసేపు బొమ్మకు ఊపిరి పోసెడిది. తొడుగు అంచును బొటనవ్రేలు ఎచ్చట నొక్కవలెనో ఆ తెరలోని గొంతు పదేపదే చెప్పి దిద్దినదట. ఒకనాడు తెల్లవాఱుజామున నాకు ఫోను చేసి, "ఇవాళ ఒక బిడ్డ ఏడ్చింది మాస్టరుగారూ" అన్నది. నేను సంతోషించి, ఇంక ఆ పాత దుఃఖము తుడిచిపెట్టుకొనుము తల్లీ యన్నాను. ఆమె కొంతసేపు ఊరకుండి, "అది తుడుచుకుపోదండీ. అది ఇసుకలో రాసింది కాదు గదా" అన్నది.

అందుచేతనే పెద్దలారా, ముందు ఇసుక కావలెను. సెలవు.